కళ్ళతో వినే బావ

లోకంలో అందరూ చెవులతో వింటారు. బావ కళ్ళతో వింటాడు.

ఆయన చెవులకేదో లోటుందని కాదు. పక్కవీధిలో పిల్లి తుమ్మినా ఆయనకు వినపడుతుంది. కానీ నమ్మడు. మైకు పెట్టి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, తెర మీద ఆకుపచ్చ గీతలు లేచి పడటం కళ్ళారా చూసుకున్నాకే "ఆఁ, తుమ్మింది" అని ఒప్పుకుంటాడు. ఆ గీతలు చూపించే ప్రోగ్రాం రాసింది కూడా ఆయనే. పేరు ధ్వనిదర్శిని. ఎదురుగా ఏ శబ్దం వచ్చినా అప్పటికప్పుడే దాన్ని విడదీసి, అందులో బరువైన స్వరాలెంత, సన్నని స్వరాలెంత అని బొమ్మ గీసి చూపిస్తుంది. బరువైనవి తెరకు ఎడమ వైపు, సన్ననివి కుడి వైపు; స్వరం ఎంత సన్ననిదైతే దాని కింద అంకె అంత పెద్దది. ఫ్యాన్లు తయారుచేసేవాళ్ళు, పెద్ద పెద్ద హాళ్ళలో స్పీకర్లు బిగించేవాళ్ళు, పియానోలు శ్రుతి చేసేవాళ్ళు దాన్ని కొంటారు. కొన్నాక అర్థంకాక ఫోను చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తేది మరదలు.

మరదలంటే బావ భార్యకు సొంత చెల్లెలు. టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో, మూడు గదుల ఆఫీసు వాళ్ళది. మనుషులు కూడా ముగ్గురే. ప్రోగ్రాం రాసే బావ, మైకులు పరీక్షించి ఫోన్లు ఎత్తి వాడకం పుస్తకం రాసే మరదలు, ఆ మైకుల్ని పెట్టెల్లో సర్ది పంపే పెద్దాయన. పదకొండేళ్ళుగా మరదలు ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. అందుకని బావ సంగతి లోకంలో అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. అందరికన్నా బాగా అలిసిపోయింది కూడా ఆవిడే.

ఫోన్లు అలా ఉండేవి మరి.

"మైకు తగిలించారా అండీ?"

"తగిలించానమ్మా."

"ఎక్కడ?"

"గోడకి. మేకు కొట్టి మరీ."

"కంప్యూటర్‌కి తగిలించాలండీ."

"దానికి మేకు దిగదు కదమ్మా!"

ఆయన పెట్టేస్తే ఇంకొకాయన.

"తెర మీద మీకేం కనిపిస్తోంది సార్?"

"ఒక బట్టతలాయన."

"ఏం చేస్తున్నాడు?"

"ఫోను మాట్లాడుతున్నాడమ్మా."

"కంప్యూటర్ ఆన్ చేయండి సార్."

ఇలాంటివి రోజుకు ముప్ఫై నలభై. ఇవన్నీ అయ్యాక తల పట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి బావ మైకు పట్టుకొచ్చి "ఇప్పుడు నిట్టూర్చావు చూడు, అది ఇంకోసారి నిట్టూర్చు. మొదటి ముక్క రికార్డు కాలేదు" అనేవాడు.

ఇంట్లో అక్క పరిస్థితి ఇంతకన్నా మెరుగేం కాదు. ఒకసారి బావ ఫ్రిజ్ వెనక మైకు పెట్టడానికి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, దాని చోట కంప్యూటర్ ప్లగ్గు పెట్టి, ఫ్రిజ్ ఎందుకు చప్పుడు చేయడం లేదా అని మధ్యాహ్నమంతా పరిశోధించాడు. పాలు విరిగాయి. అక్క నడుం బిగించి వచ్చి తిట్టడం మొదలుపెట్టింది. బావ తెర చూస్తూ తాపీగా అన్నాడు.

"నీకు నిజంగా కోపం రాలేదు."

"రాలేదా?"

"లేదు. నిజంగా వచ్చినప్పుడు నీ గొంతులో ఎనిమిదొందల దగ్గర ఒక గుట్ట లేస్తుంది. ఇప్పుడు చదునుగా ఉంది. ఉత్తినే అరుస్తున్నావు."

ఆ తరువాత అక్క అన్న మాటకు పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

"ఇదిగో! ఇదే! వచ్చింది గుట్ట!" అని బావ చప్పట్లు కొట్టాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే బావ బొమ్మ పూర్తికాదు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్ అంటే ఆయనకు చిన్నచూపు. "అందులో ఉండేది మైకా? అది దోమ చెవి" అంటాడు. అందుకని ఎక్కడికి వెళ్ళినా బల్ల మీద పెట్టే అసలు కంప్యూటర్‌నే, తెరతో సహా, చక్రాల బల్ల మీదికి ఎక్కించి తోసుకుంటూ పోయేవాడు. మెడలో దండలాగా ముప్ఫై గజాల కరెంటు వైరు. దగ్గొచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా అలాగే వెళ్ళాడు.

"ఎన్నాళ్ళనుంచి దగ్గు?" అని డాక్టర్ అడిగితే, "ప్లగ్గెక్కడుంది?" అన్నాడు బావ.

తన దగ్గులు తొంభై రెండింటిని వరసగా చూపించాడు. నలభై ఆరో దగ్గు దగ్గర డాక్టర్ మందు రాసిచ్చేశాడు. పదిహేడో దగ్గుకూ ఇరవయ్యో దగ్గుకూ తేడా చెప్పకుండా మందెలా రాస్తారని బావ అలిగి వచ్చేశాడు.

వీటన్నిటినీ మరదలు నవ్వుకుని వదిలేసేది. వదల్లేనివి రెండే ఉండేవి.

ఒకటి గేదె.

ధ్వనిదర్శినిలో ఒక హెచ్చరిక ఉంది. మైకు తట్టుకోలేనంత శబ్దం వచ్చినా, మైకులో పగులున్నా, ప్రోగ్రాం ఒక సన్నటి కూత పెట్టేది. మరదలు మైకులు పరీక్షించేది కూడా ఆ కూతను బట్టే. ఒక చెవిన ఫోను ఉండగానే మైకును తగిలించి ఒక దరువు వేస్తుంది. కూత వస్తే పక్కన పడేస్తుంది, రాకపోతే పెట్టెలోకి పంపుతుంది. నాలుగేళ్ళ కిందట ఒకే వారంలో ఇరవై ఆరు పగుళ్ళ మైకులు తిరిగొచ్చాయి. అన్నిటి మీదా బాగుందని మరదలు అంటించిన చీటీయే.

"కూత రాలేదు బావా. వస్తే నేను పక్కన పెట్టనా?" అని ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

బావ తెర వైపు చాలాసేపు చూసి, "నీది కాదు, కూతదే తప్పు" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆ సన్నటి కూత పోయి, దాని చోట ఒక బరువైన మూలుగు వచ్చింది. అది ఆఫీసులోనే ఉంటే ఫరవాలేదు. ప్రోగ్రాం కొన్న ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళింది. ఇక చూడండి ఫోన్లు.

"అమ్మా, మీ ప్రోగ్రాం మా హాల్లో గేదెలాగా అరుస్తోంది."

"అది హెచ్చరిక సార్."

"హెచ్చరిక అయితే కూయాలి గానీ మూలుగుతుందేంటి? నిన్న కచేరీ మధ్యలో మూలిగితే ఎవరో గేటు వేసి రమ్మన్నారు."

మరదలు నెలకోసారి చీటీ రాసి బావ బల్ల మీద పెట్టేది. "గేదెను తీసేయండి." బావ దాని కిందే రాసి వెనక్కి పంపేవాడు. "కుదరదు." ఎందుకు కుదరదని నిలదీస్తే "అది సైన్సు" అనేవాడు. మరదలికి తెలిసినంతవరకు బావ జవాబివ్వకుండా సైన్సు పేరు చెప్పి తప్పించుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

రెండోది సోమవారం.

ప్రతి సోమవారం పొద్దున్న, ఆవిడ ఇంకా కుర్చీలో సర్దుకోకముందే, బావ చక్రాల బల్ల తోసుకుంటూ వచ్చి ఆవిడ వెనక నిలబడేవాడు. మాట్లాడడు, పలకరించడు. ఏదో నొక్కుతాడు, ఆవిడ వైపు చూస్తాడు, రాసుకుంటాడు. ఎందుకో గానీ ఆ సమయంలో పక్కగదిలో పెద్దాయన రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. కాసేపటికి ఏదో బండ చప్పుడు వినపడి మరదలు గిర్రున తిరిగి, "ఏంటి బావా పొద్దున్నే!" అనేది. బావ ఎంతో తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయేవాడు.

ఏడాది భరించింది. రెండేళ్ళు భరించింది. నాలుగో ఏడు వచ్చేసరికి ఆవిడ ప్రాణం విసిగిపోయింది. గేదెలకూ సోమవారాలకూ తోడు, మనుషులు కూడా మారిపోయారని ఆవిడకు అనిపించసాగింది. ఈ మధ్య ఎవరూ నోరు తెరిచి మాట్లాడటం లేదు. అంతా నమిలి మింగుతున్నారు. కొట్లలో, బస్సులో, ఇంట్లో కాలేజీకి వెళ్ళే కూతురూ అంతే. ఒక్క ఆఫీసు ఫోనులోనే జనం మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. ఆ వినపడేవేమో గేదె గురించి తిట్లు. సాయంత్రం ఇంటికి చేరేసరికి రాళ్ళు మోసినంత అలసట.

ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ లేచి బావ గదిలోకి వెళ్ళింది.

"బావా, నేను మానేస్తాను."

బావ తలెత్తలేదు. మైకు ఆవిడ వైపు జరిపాడు. "ఇంకోసారి చెప్పు."

"మానేస్తానంటున్నాను! అది కూడా మైకులో చెప్పాలా?"

"చెప్పు."

చెప్పింది. బావ తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"నీ గొంతులో నిర్ణయం లేదు. అలసట ఉంది."

"ఉండదా మరి?"

"రెండు వారాలు సెలవు తీసుకో. ఫోన్లు పెద్దాయన చూస్తాడు. తిరిగొచ్చాక కూడా ఇదే మాట చెబితే నేను మైకు పెట్టకుండానే నమ్ముతాను."

మైకు లేకుండా నమ్ముతానని బావ అనడం ఆవిడ ఎన్నడూ వినలేదు. దాంతో పోట్లాడే ఓపిక కూడా పోయి ఇంటికి వెళ్ళిపోయింది.

సెలవులో మొదటి రెండు రోజులు నిద్రే సరిపోయింది. మూడోరోజు పొయ్యి మీద కెటిల్ పెట్టి పక్కగదిలో పుస్తకం పట్టుకుంది. కూతురు కాలేజీనుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన.

"అమ్మా, అది ఈల వేస్తుంటే లేవొద్దా? గేటు దగ్గరికి వినపడుతోంది!"

"వేసిందా?"

కూతురు వింతగా చూసింది. "తలుపు గంట కూడా నాలుగుసార్లు కొట్టాను. నా తాళంతో తీసుకుని వచ్చాను."

"ఆఫీసులో గంట బ్రహ్మాండంగా వినపడుతుందే. మన గంటే పాడైనట్టుంది" అంది మరదలు.

మర్నాడు కూరగాయల సంచితో రోడ్డు దాటుతుంటే ఒక సైకిలు ఆవిడను రాసుకుంటూ పోయి గోడకు గుద్దుకుంది. టమాటాలు రోడ్డంతా దొర్లాయి. సైకిలాయన లేచి మోచెయ్యి ఊదుకుంటూ కసిరాడు.

"బెల్లు కొడుతుంటే వినపడదా అండీ?"

"కొట్టారా?"

"ఇక్కడిదాకా కొడుతూనే వచ్చాను! బొటనవేలు నొప్పెడుతోంది!"

ఆ సాయంత్రమే కూతురు ఆవిడను చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. గాజు గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మరదలు నొక్కింది. మధ్యలో చాలాసేపు ఏమీ రాకపోతే యంత్రం ఆగిపోయిందనుకుని ఖాళీగా కూర్చుంది. బయటికొచ్చాక డాక్టరమ్మ కాగితం తీసి చూపించబోతే, మరదలు దాన్ని తన వైపు తిప్పుకుంది.

"గీత ఎడమ వైపు బాగానే ఉంది. రెండు వేల దగ్గర జారడం మొదలైంది. నాలుగు వేలకు అడుగంటింది" అంది నీరసంగా.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "మీకు ఇది చదవడం వచ్చా?"

"పదకొండేళ్ళుగా ఇదే పనండి."

"ఏం పని?"

"రోజంతా ఫోనులో మాట్లాడతాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "అలా ఎలా కుదురుతుందమ్మా? ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. కనీసం ఐదారేళ్ళది. ఫోనులో మీకు సగం మాటలు తెలియకూడదు."

"ఫోనులోనే బాగా తెలుస్తాయండి. మిగతా చోట్లే తెలియవు."

"అలా ఉండటానికి వీల్లేదే" అంది డాక్టరమ్మ. "తప్పకుండా మెషిన్లు పెట్టుకోవాలి. ఆ ఫోను సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు."

మరదలికీ అంతుపట్టలేదు. మర్నాడు పొద్దున్న కాగితం చేతిసంచిలో పెట్టుకుని, సెలవులో ఉన్నానన్న మాట మరిచి, తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది.

బావ లేడు. ఏదో హాలుకు బల్ల తోసుకుని వెళ్ళాడట. ఆవిడ కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు ఆయన తల మీద ఉన్నాయి. మొహం మాత్రం దయ్యాన్ని చూసినట్టుంది.

"వచ్చావా తల్లీ! ఈ ఫోను నా వల్ల కాదు. ఎవరు మాట్లాడినా నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. ఇందాక ఒక ఆడమనిషి చేస్తే సార్ అన్నాను. ఆవిడ పెట్టేసింది."

"అదేంటి బాబాయ్‌గారూ, నాకు ఎప్పుడూ బాగానే ఉండేదే!"

"నీకు బాగానే ఉంటుంది" అన్నాడు పెద్దాయన. అని నాలుక కరుచుకున్నాడు.

మరదలు ఆయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

ఆవిడ హెడ్‌ఫోన్ల వైరు పట్టుకుని పోయింది. అది ఫోనులోకి వెళ్ళడం లేదు, కంప్యూటర్‌లోకి వెళుతోంది. ఫోను వైరు కూడా కంప్యూటర్‌లోకే వస్తోంది. లైనులో గరగర ఉందని బావ ఎప్పుడో పెట్టిన వైరు అది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ధ్వనిదర్శిని వాడకం పుస్తకం రాసింది తను, అందులో తనకు తెలియని పేజీ లేదు. కానీ తెర మీద అన్నిటికన్నా వెనక, మిగతా పేజీల కింద దాగి, తను ఎన్నడూ చూడని పేజీ ఒకటి ఉంది. దాని పైన ఒకే మాట.

"మరదలు."

దానిలో ఒక గీత. ఆవిడ సంచిలోంచి డాక్టరమ్మ కాగితం తీసి తెర పక్కన పెట్టింది. కాగితం మీద గీత ఎక్కడ పడిపోయిందో, తెర మీద గీత సరిగ్గా అక్కడ లేచి ఉంది. ఫోనులో వచ్చే ప్రతి మాటనూ అది ఆ క్షణంలోనే విడదీసి, ఆవిడకు అందని సన్నని స్వరాలను అందేంత కిందికి దించి, మళ్ళీ మాటగా కూర్చి ఆవిడ చెవిలో వేస్తోంది. నాలుగేళ్ళుగా ఆవిడ ఫోనులో విన్న ప్రతి తిట్టూ అలా కూర్చి వేసినదే.

గీత కింద బావ రాసుకున్న చీటీలు ఉన్నాయి. అన్నీ సోమవారాలే.

"ఆరు వేలు, తిరగలేదు. నాలుగు వేలు, తిరగలేదు. రెండు వేలు, తిరిగి 'ఏంటి బావా' అంది."

"రెండు వేలకు కూడా తిరగలేదు. కాస్త దించాలి."

"ఎనిమిదొందలు, తిరిగి తిట్టింది. బాగుంది."

"ఐదొందలు, చాలా గట్టిగా తిట్టింది. సంతోషం."

అలా దాదాపు రెండొందల సోమవారాలు.

"ఆ మైకులు తిరిగొచ్చిన వారం కనిపెట్టారు సారు" అన్నాడు పెద్దాయన, ఇక దాచి లాభం లేదని. "కూత గదంతా మోగుతున్నా నువ్వు తిరగలేదట. అప్పటినుంచి తలుపు గంట స్వరం దించాం, ఫోను గంట దించాం, ఇక్కడి కెటిల్ మూతికి నేనే రబ్బరు బిగించాను. అది ఇప్పుడు గుడ్లగూబలాగా కూస్తుంది. ఆ సోమవారాల్లో వచ్చే పై చప్పుళ్ళకు నా చెవులు గింగిర్లెత్తిపోయేవి తల్లీ. నీకు తెలియనిస్తే ఊరుకోనన్నారు."

అప్పుడే మెట్ల మీద చక్రాల బల్ల దడదడ వినిపించింది. బావ లోపలికొచ్చాడు. తెర మీద పేజీ చూశాడు. మరదలి చేతిలో కాగితం చూశాడు. మెడలోని వైరు దండ తీసే ప్రయత్నంలో దానిలోనే చిక్కుకుపోయాడు.

"నా చెవుల సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట" అంది మరదలు.

"అందరికీ కాదు. ఇద్దరికే."

"ఎందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు వచ్చాను చెబుదామని. నీ ముందుకొచ్చి నిలబడితే మాట రాలేదు." బావ వైరుతో కుస్తీ మానేశాడు. "నువ్వేమో మాటల మీద బతికే మనిషివి. చెబితే ఆ రోజే మానేసి ఇంట్లో కూర్చుంటావని భయమేసింది. నాకు మాటలు చేతకావమ్మాయ్. గీతలైతే దిద్దగలను. అందుకని దిద్దాను."

"ఊళ్ళో ప్రతివాడూ నన్ను గేదె గేదె అని తిడుతుంటే చూస్తూ ఊరుకున్నారు!"

"నిన్ను కాదు, నన్ను."

"ఫోను ఎత్తింది నేను!"

బావ చక్రాల బల్లను గోడ వైపు జరిపాడు.

"నిన్న రోడ్డు మీద సైకిలు గుద్దబోయింది, తెలుసా? బెల్లు కొడుతూనే ఉన్నాడట. నాకు వినపడితేగా!"

బావ మొహం పాలిపోయింది. పక్కనున్న మైకుల పెట్టె మీద కూలబడ్డాడు.

"ఆఫీసులో ఉన్నవన్నీ దించాను" అన్నాడు. "రోడ్డు గురించి ఆలోచించలేదు. రోడ్డును దించలేను కదా. తప్పయింది. చెప్పి ఉండాల్సింది."

పదకొండేళ్ళలో బావ తప్పయిందని అనడం అదే మొదలు. మరదలు తిట్టాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. గుండెలో వరసలు కట్టి నిలబడ్డాయి. కానీ రెండొందల సోమవారాలు పొద్దున్నే వచ్చి తిట్లు తిని సంతోషంగా వెళ్ళిన మనిషిని ఇంకెక్కడని తిడుతుంది? గట్టిగా ఊపిరి వదిలి, ఆయన మెడలో చిక్కుపడ్డ వైరు విప్పడం మొదలుపెట్టింది.

"చెవి మెషిన్లకు కొలతలు తీసుకోవాలట. శనివారం రమ్మన్నారు. మీరు కూడా రావాలి" అంది.

బావ మొహం వెలిగింది. "అక్కడ ప్లగ్గు ఉంటుందా?"

ఆ శనివారం చెవి మెషిన్లు అమర్చేచోట జరిగింది చెప్పాలంటే అదే ఒక పుస్తకం అవుతుంది. అమర్చే ఆయన పావుగంట పని అన్నాడు. బావ మూడు గంటలు చేయించాడు. "నాలుగు వేల దగ్గర ఇంకో రెండు మెట్లు ఎక్కించండి" అని ఒకసారి, "మనం 'ప' అంటే ఆమె 'బ' అనుకుంటోంది, కాస్త కుడికి లాగండి" అని ఒకసారి. అమర్చే ఆయన చొక్కా తడిసిపోయింది. చివరికి ఆయనే కుర్చీ ఖాళీ చేసి, "మీరే చేసుకోండి సార్, నాకు ఎలా వాడాలో చెబితే చాలు" అన్నాడు. పోతూ పోతూ ధ్వనిదర్శిని ఒకటి తనకూ కావాలన్నాడు.

సోమవారం మరదలు మెషిన్లతో ఆఫీసుకు వచ్చింది. మెట్లెక్కుతుంటే తన చెప్పుల చప్పుడే ఎవరో వెంటపడుతున్నట్టు అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగింది. కాగితం తిప్పితే పటాసులా ఉంది. తలుపు గంట కొట్టి, అది చేసిన మోతకు తనే ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ పెద్దాయన దీన్నెలా భరించాడా అని జాలేసింది. ఫోను వైరును కంప్యూటర్‌నుంచి పీకి మామూలుగా పెట్టమంది. హెచ్చరికకు మాత్రం రెండు రకాలూ ఉంచుదామంది. సన్నటి కూత కావాలంటే కూత, మూలుగు కావాలంటే మూలుగు, ఎవరికి ఏది వినపడితే అది. "నాలాంటివాళ్ళు ఇంకా ఎందరున్నారో! వాడకం పుస్తకంలో దాని గురించి ఒక పేజీ నేను రాస్తాను" అంది.

"మానేస్తానన్నావు?" అన్నాడు బావ.

"సెలవు ఇంకా ఐదు రోజులుంది. అయ్యాక చూద్దాం" అంటూ కూర్చుని ఫోను దగ్గరికి లాక్కుంది.

బావ సంతోషం పట్టలేక గది మధ్యలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "సన్నని స్వరాల సంగతి సామాన్యమైనది కాదు, సరిగ్గా సర్దితే..."

మరదలు చెయ్యెత్తింది. "ఆగండి బావా. మీ పై పన్ను ఎప్పుడూడింది?"

"నాలుగైదేళ్ళయింది. ఏం?"

"'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది."

"నాకా? అసంభవం."

"ఇదిగో, మళ్ళీ వచ్చింది!"

బావ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన ఎంతో శ్రద్ధగా ఒక పెట్టెకు టేపు అంటిస్తున్నాడు. బావ మైకు ముందు కూర్చుని "సముద్రం" అన్నాడు. ఆరు వేల దగ్గర సూదిలాంటి గీత ఒకటి పైకి లేచింది.

"ఇదా!" అని నోరు వెళ్ళబెట్టాడు. "ఇది ఈ గది లోపం కదూ? దీనికోసం నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను! ట్యూబులైట్లు మార్చాను, కిటికీ అద్దాలు బిగించాను, కింద టైర్ల కొట్టు వాడితో గొడవ కూడా పడ్డాను!"

అంతటితో ఆగక అక్కకు ఫోను చేశాడు. అందరికీ వినపడేలా పెట్టాడు.

"నేను మాట్లాడితే ఈల వస్తుందా?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. "ఎవరు చెప్పారు?" అంది అక్క.

"అంటే నీకు తెలుసా?"

"ఎందుకు తెలియదు? వీధిలో అందరికీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరసలే మాటలు రావని కుంగిపోయే మనిషి. చెబితే ఉన్న ఆ నాలుగు మాటలూ మానేస్తారని ఊరుకున్నాను" అంది అక్క. "అయినా నాకలవాటైపోయింది లెండి. మీరు ఏ గదిలో ఉన్నారో తెలుస్తుంది."

బావ ఫోను పెట్టేసి కూలబడ్డాడు. మరదలు నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ నవ్వు తన చెవులకే కొత్తగా ఉండి ఇంకా నవ్వుతోంది. పెద్దాయన టేపు చుట్టలో మొహం దాచుకున్నాడు.

"పన్ను కట్టించుకోవాలంటే నేను తోడొస్తాను బావా. కానీ తొందరేం లేదు. కొన్నాళ్ళు ఇలాగే విననివ్వండి."

"సరే" అన్నాడు బావ.

ఈల గదిలో ఉన్న ముగ్గురికీ వినపడింది. బావ తెర వైపు చూడలేదు.